బెంచీ కొనేముందు దాని చివర నిలబడి చూడు

చిరంజీవి మేనకోడలికి మామయ్య దీవెనలు.

పెరట్లో వేపచెట్టు కింద బెంచీ వేయించాలని ఫోన్‌లో అన్నావు. మీ పిల్లలిద్దరూ దాని మీద కుదురుగా కూర్చోరమ్మా. ఎక్కుతారు, పరుగెడతారు, చివర నుంచి దూకుతారు. ఆ లెక్కతోనే చూసుకో.

నేను చేసిన పొరపాటు చెబుతాను. పాత ఇంట్లో ఐదడుగుల గ్రానైట్ పలకను రెండు రాతి కాళ్ల మీద ఊరికే పెట్టించాను. అడుగున్నర వెడల్పు, రెండంగుళాల మందం. దాదాపు 95 కిలోల బరువు, ఇది ఎక్కడికి కదులుతుందిలే అనుకున్నాను. కానీ కాళ్లు చివరల నుంచి అడుగున్నర లోపలికి ఉన్నాయి. సంక్రాంతికి వచ్చిన పిల్లలు ముగ్గురు ఒకే చివర ఎక్కేసరికి రెండో చివర పైకి లేచింది. పలక జారి, దాని అంచు మా చిన్నవాడి కాలి బొటనవేలి మీద పడింది. వేలు విరిగింది. ఆ వేలు ఇప్పటికీ వంకరగానే ఉంది, చూసినప్పుడల్లా నాకు బాధే.

అందుకే రాయి పెట్టిస్తే కాళ్లు చివరల నుంచి తొమ్మిది అంగుళాలకు మించి లోపలికి రాకూడదు. పలకకు, కాళ్లకు బెజ్జాలు వేయించి స్టీల్ రాడ్ ముక్కలతో కలపమను. కాళ్లను అడుగు లోతున కాంక్రీటులో పాతించు. వారం రోజులు నీళ్లు పట్టు, అప్పటిదాకా ఎవర్నీ ఎక్కనివ్వకు. అంచులు, మూలలు గుండ్రంగా తీయించు. అద్దంలాంటి పాలిష్ వద్దు, వాన పడితే జారుతుంది. కొంచెం గరుకుగా ఉండే లెదర్ ఫినిష్ అడుగు. కడప నల్లబండ చవకే గానీ ఎండ తగిలే చోట మే నెలలో తొడలు కాలతాయి. మీకు చెట్టు నీడ ఉంది కాబట్టి పరవాలేదు.

చెక్కే కావాలంటే చేవ ఉన్న టేకు తీసుకో. మేకులు కొట్టింది వద్దు, గెంతులకు వదులవుతాయి. చెక్కలోంచి అవతలిదాకా దిగే బోల్టులు, వాటి పైన మూతలు ఉండాలి. కాళ్లు మట్టికి తగిలితే చెదలు పడతాయి, కింద రాతి ముక్కలు పెట్టించు. పలకల సందుల్లో మీ చిన్నవాడి వేలు పెట్టి చూడు, ఇరుక్కుంటే ఆ బెంచీ వదిలెయ్యి. ఇనుప పైపులవి లోపల నీరు నిలిచి కాళ్ల దగ్గరే తుప్పు పడతాయి. ప్లాస్టిక్‌ది అసలు ఆలోచించకు, ఎండకు పెళుసెక్కి ఒకరోజు ఫట్‌మంటుంది.

షాపులో మొహమాటపడకు. ఒక చివర నువ్వు నిలబడు. వెనక ఆనుడు ఉంటే దాన్ని గట్టిగా వెనక్కి లాగు, పిల్లలు ఎక్కేది దాని మీదికే.

ఎత్తు పదిహేను అంగుళాలు చాలు. పెద్దవాళ్లకు కొంచెం కిందికి అనిపిస్తుంది గానీ పిల్లలు దూకడానికి అదే మంచిది. చుట్టూ బండలు పరిపించకుండా ఇసుక పోయించు. ప్రహరీకి, బావి గట్టుకు దగ్గరగా మాత్రం వేయించకు. బెంచీ అక్కడ ఉంటే అది వాళ్లకు నిచ్చెనే.

చెట్టు కింద స్థలం కొలతలు పంపు. మేస్త్రీ వచ్చే రోజు చెబితే నేనూ బయల్దేరి వస్తాను.

ఇట్లు,
మీ మామయ్య