ఆకులో పుట్టినా, ఫ్యాక్టరీలో పుట్టినా

నాయనా,

నీ వ్యాసం అందింది. శ్రీకాళహస్తిలో కలంకారీ బట్టలు ఉతికే చోటు గురించి బాగా రాశావు. కానీ రెండో పేజీలో 'ఆకు నుంచి తీసిన నీలంలో కెమికల్ ఏమీ ఉండదు' అన్న వాక్యం చదివి కోపం వచ్చింది. ఈ జవాబు దానికోసమే.

నీలిమొక్క ఆకులో నీలం రంగు ఉండదు. ఇండికాన్ అనే రంగులేని పదార్థం ఉంటుంది. ఆకును నీళ్లలో నానబెడితే అది విరిగి ఇండాక్సిల్ వస్తుంది. ఆ నీళ్లను బాగా చిలికితే గాలిలోని ఆక్సిజన్ తగిలి ఇండిగోగా మారి అడుగుకు దిగుతుంది. ఇది కెమిస్ట్రీ కాక మరేమిటి? ఆ అణువు నిర్మాణాన్ని 1883లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫాన్ బేయర్ తేల్చాడు. 1897లో బీఏఎస్ఎఫ్ అనే జర్మన్ కంపెనీ ఫ్యాక్టరీలో చేసిన ఇండిగోను అమ్మకానికి పెట్టింది, ఆ తర్వాత మన దేశంలో నీలి సాగు కుప్పకూలింది. సాగు పోయిన బాధ రాయి, తప్పకుండా రాయి. అణువు మాత్రం రెండు చోట్లా ఒకటే. రెండు సగాలు, ఒక్కో సగంలో నాలుగు కార్బన్లూ ఒక నైట్రోజనూ ఉన్న వలయం. వలయంలో కార్బన్‌తో పాటు వేరే మూలకం ఉంటే హెటెరోసైక్లిక్ అంటాం, ఇక్కడ ఆ వేరేది నైట్రోజన్. ఆకు నుంచి తీసినదానిలో ఇండిరుబిన్ అనే ఎర్రటి పదార్థం లాంటివి కూడా వస్తాయి. తేడా చెప్పాలంటే అది చెప్పు.

వేర్ల నుంచి వచ్చే ఎర్ర రంగు అలిజరిన్‌ను కూడా నీ వ్యాసంలో హెటెరోసైక్లిక్ జాబితాలో వేశావు. దాని మూడు వలయాలూ పూర్తిగా కార్బన్లే. కొట్టెయ్.

తిరుపతిలో ఉంటూ ఎర్రచందనం గురించి ఒక్క ముక్క రాయకపోవడం ఇంకా బాధ. శేషాచలం చెట్టు చేవకు ఆ ఎరుపునిచ్చేది శాంటాలిన్లు. వాటి వలయంలో ఆక్సిజన్ ఉంటుంది, కాబట్టి అవీ హెటెరోసైక్లిక్కే. నీళ్లలో దాదాపు కరగవు, ఆల్కహాల్‌లో కరుగుతాయి. కొత్తలో నేను దీని మీదే రాసి ఒక పత్రికకు పంపితే, సంపాదకుడు వలయాల బొమ్మలు తీసేసి స్మగ్లర్ల కథ చేర్చమన్నాడు. ఒప్పుకోలేదు, అచ్చు కాలేదు. జిరాక్స్ తీయించి కాలేజీ పిల్లలకు పంచాను. ఇప్పటికీ ఎర్రచందనం అంటే పేపర్లలో దుంగలు, లారీలు, అరెస్టులే. ఆ చెక్క ఎందుకు ఎర్రగా ఉందో ఎవరూ అడగరు. పాఠకుడికి అర్థం కాదని వీళ్లే తేల్చేస్తారు!

మళ్లీ శ్రీకాళహస్తి వెళ్లు. పటిక ఎప్పుడు పూస్తారో, పూయకపోతే ఎరుపు ఏమవుతుందో అడిగి రాసుకో. పటికలోని అల్యూమినియమే ఆ రంగును నూలుకు పట్టిస్తుంది. ఈసారి వలయాల బొమ్మలు చేత్తో గీసి పంపు. వాటిని తీసేస్తేనే వేస్తామని ఏ పత్రిక అన్నా, వ్యాసం వెనక్కి తీసుకో.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన