చేతులు కడిగి కడిగి అలిసిపోయే పిల్లకి ఇంట్లో కూర్చునే ఉద్యోగమే మంచిదా?

ఒక తల్లి అడిగిన ప్రశ్న: "మా పాపకి 17 ఏళ్ళు. ఓసీడీ అని రెండేళ్ళ కింద డాక్టర్ చెప్పారు, చేతులు కడుగుతూనే ఉంటుంది, ముట్టుకున్నది మళ్ళీ మళ్ళీ తుడుస్తుంది. మైక్రోబయాలజీ చదువుతానంటోంది. మేం మాత్రం డేటా సైన్స్ అయితే ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు, ఎవర్నీ ముట్టుకునే పనుండదు అనుకుంటున్నాం. రెండూ పోల్చి చెప్పండి."

పోల్చి చెప్తానమ్మా, కానీ మీ అసలు భయం కోర్సు గురించి కాదు. రేపు మేం పక్కన లేకపోతే ఈ పిల్ల ఎలా నెగ్గుకొస్తుంది, అదే కదా? కోర్సు పేరు మారుతుంది గానీ ఇదే ప్రశ్న నా దగ్గరికి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. ముందు కాస్త ఊపిరి పీల్చుకోండి. ఓసీడీ అంటే వద్దన్నా బుర్రలోకి వచ్చే భయాలు, అవి తగ్గాలని చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేయడం. వందలో ఒకరి నుంచి ముగ్గురికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే, చాలామందికి సరిగ్గా ఈ ఎదిగే వయసులోనే మొదలవుతుంది, ట్రీట్‌మెంట్ తీసుకుంటూ చదువుకుని ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళు మన చుట్టూనే ఉంటారు, వాళ్ళు చెప్పరు కాబట్టి మనకి తెలీదు అంతే.

ఇక ఇంట్లో కూర్చునే ఉద్యోగం. ఇప్పుడు ఎవర్ని అడిగినా డేటా సైన్సే అంటున్నారు, నాకు మాత్రం మీ పాప విషయంలో చాలా అనుమానాలున్నాయి. భయపడినదాని నుంచి తప్పించుకున్న ప్రతిసారీ ఓసీడీ ఇంకో మెట్టు ఎక్కుతుంది. ఈరోజు బయటి తలుపు గొళ్ళెం ముట్టుకోదు, రేపు ఇంట్లో స్విచ్ ముట్టుకోదు. ఇంట్లోనే ఉద్యోగమైతే బాత్రూమ్ పది అడుగుల దూరంలో ఉంటుంది, గంటసేపు కడిగినా చూసేవాళ్ళుండరు. ఇంకొకటి, ఈ జబ్బు ఒక్క రూపంలోనే ఉండిపోదు, కడగడం తగ్గి చెక్ చేయడం మొదలవ్వొచ్చు. అప్పుడు వేల వరసల డేటాలో ఒక్క నంబర్ తప్పుపడిందేమో అని తెల్లవార్లూ చూసుకునే పిల్లని ఊహించుకోండి. "ఓసీడీ ఉన్నవాళ్ళు పర్ఫెక్ట్‌గా చేస్తారు, డేటా పనికి బాగా సరిపోతారు" అని ఎవరైనా మీతో అని ఉంటే అది దయచేసి మర్చిపోండి. అది శుభ్రం మీద ఇష్టం కాదమ్మా, భయం. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి నోట్‌బుక్ చూశాను, ఒకే లైన్ చెరిపి రాసి చెరిపి రాసి అక్కడ పేపర్‌కి చిల్లు పడింది, దాని కింద పేజీలో కూడా ఆ అక్షరాల అచ్చు దిగిపోయింది. మూడు గంటల పరీక్షలో సగం కూడా పూర్తి చేయలేకపోయాడు, జవాబులన్నీ తెలిసి కూడా.

కొంచెం గట్టిగా చెప్తున్నా, ఏమనుకోకండి. "అమ్మా, ఇది శుభ్రంగానే ఉందా?" అని పాప అడిగితే రోజుకి ఎన్నిసార్లు "ఉంది తల్లీ" అంటున్నారు? దాని కోసం వేరే టవల్, వేరే కుర్చీ పెట్టారా? ప్రేమతోనే చేస్తున్నారు, కాదనను, కానీ మీరిచ్చే ఆ భరోసా పది నిమిషాలు కూడా నిలవదు, మళ్ళీ అడుగుతుంది. ఇప్పుడు కోర్సు కూడా ఆ జబ్బుని అడిగే సెలెక్ట్ చేస్తే ఎలా? ఇంకోటి, డాక్టర్ చెప్పి రెండేళ్ళయింది అన్నారు, ట్రీట్‌మెంట్ గురించి ఒక్క ముక్క రాయలేదు. నాకు కోపం వచ్చింది అక్కడే.

ఈఆర్‌పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్) అని ఒక థెరపీ ఉంది. భయపెట్టేదాన్ని చిన్నదానితో మొదలుపెట్టి కావాలనే ముట్టుకోవడం, ముట్టుకున్నాక కడక్కుండా ఆ గాభరాని ఓర్చుకోవడం, కడక్కపోయినా తట్టుకోగలనని మెల్లగా తెలుసుకోవడం. కొత్త ప్రయోగమేం కాదు, 1966లోనే విక్టర్ మేయర్ అనే సైకాలజిస్ట్ ఈ దారిలో ట్రీట్ చేసిన ఇద్దరు పేషెంట్ల గురించి రాశాడు. అవసరమైతే సైకియాట్రిస్ట్ ఎస్ఎస్ఆర్ఐ అనే రకం మందులు (డిప్రెషన్‌కీ, ఓసీడీకీ వాడేవి) రాస్తారు, అవి పనిచేస్తున్నాయో లేదో తెలియడానికే 8 నుంచి 12 వారాలు పట్టొచ్చు, మూడో వారంలో లాభం లేదని మీ అంతట మీరు ఆపేయకండి.

మైక్రోబయాలజీకి నేను వెంటనే సై అనడం లేదు. ముందు పాపని కూర్చోబెట్టి అడగండి, సూక్ష్మజీవులంటే ఆసక్తా, లేక వాటి గురించి అంతా తెలుసుకుంటే భయం పోతుందనా? రెండోదైతే థెరపిస్ట్‌తో మాట్లాడి అప్పుడు తేల్చుకోండి. మొదటిదైతే ఆపొద్దు. ల్యాబ్‌లో గ్లోవ్స్ ఎప్పుడు వేయాలో ఎప్పుడు తీయాలో రూల్ ఉంటుంది, డబ్ల్యూహెచ్ఓ పద్ధతిలో సబ్బుతో చేతులు కడగడానికి 40 నుంచి 60 సెకన్లు చాలు. కడగడానికి ఒక చివర ఉందని రోజూ చూసే చోటు అది. కష్టం ఉండదని కాదు, ట్రీట్‌మెంట్ నడుస్తుంటే ఆ కష్టం మోయగలిగేదే.

పరీక్షల్లో ఎక్స్‌ట్రా టైమ్ ఇచ్చే చోట డాక్టర్ సర్టిఫికెట్‌తో ముందుగానే అప్లై చేయండి, కానీ ఆ టైమంతా రాసింది చెరపడానికే పోకుండా ఎలా వాడాలో థెరపిస్ట్‌తో ప్రాక్టీస్ చేయించండి.

థెరపిస్ట్‌ని కలిసేటప్పుడు మీరూ వెళ్ళండి, "శుభ్రంగా ఉందా" అన్నప్పుడు ఏమనాలో పాప ముందే ముగ్గురూ కలిసి అనుకోండి. అలా అనుకున్నాక భరోసా చెప్పడం ఒక్కసారిగా మానేయకండి, రోజుకి ఇరవైసార్లు చెప్తుంటే ముందు పదిహేనుకి తగ్గించండి. ఏడుస్తుంది, మీకూ ఏడుపొస్తుంది. పక్కనే కూర్చుని "నీకు ఎంత కష్టంగా ఉందో తెలుసు, నేనిక్కడే ఉన్నా" అనండి, శుభ్రంగా ఉందో లేదో మాత్రం చెప్పొద్దు.