‘ఠక్కుమంది’ వేరు, ‘టకటకలాడుతోంది’ వేరు

సందేహం: మా నాన్నగారి పాత స్పోర్ట్స్ కారు, 1970ల నాటి ఎంజీబీ, ఇప్పుడు బెంగళూరులో నా దగ్గరుంది. ఈమధ్య వెనక నుంచి ఏదో వినిపిస్తోంది. హిందూపురం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మెకానిక్‌కి ‘డ్రైవ్‌ట్రెయిన్‌లో వింత శబ్ధం వస్తోంది’ అని మెసేజ్ పెట్టాను. ‘ఏ మాదిరి సద్దు సార్?’ అని అడిగాడు. సద్దు తెలుగా, కన్నడమా? డ్రైవ్‌ట్రెయిన్‌కి (ఇంజను బలాన్ని చక్రాలకు చేర్చే భాగాలన్నిటికీ కలిపి) తెలుగు మాట ఏది? నా వాక్యంలో తప్పేముంది?
– ఒక పాఠకుడు, జయనగర్

సమాధానం: సద్దు రెండిళ్ల మాట. సంస్కృత ‘శబ్ద’ ప్రాకృతంలో ‘సద్ద’ అయింది, అదే మనకూ కన్నడిగులకూ ‘సద్దు’. వాళ్లు రోజూ వాడుకుంటున్నారు. మనం ‘సద్దు చెయ్యకు’, ‘గొడవ సద్దుమణిగింది’ లాంటి ఒకటి రెండు చోట్ల ఉంచుకుని, మిగతాదంతా శబ్దానికి అప్పజెప్పాం. అన్నట్టు అది ‘శబ్ధం’ కాదు, శబ్దం. బ కింద ద వత్తే.

డ్రైవ్‌ట్రెయిన్‌కి తెలుగు మాట లేదు, నన్నడిగితే కట్టనక్కర్లేదు కూడా. నేను ‘చోదక శ్రేణి’ అని రాసిస్తే జేసీ రోడ్డులో స్పేర్ పార్టుల కొట్టతను నా మొహం చూస్తాడు. క్లచ్చు, గేర్‌బాక్సు, షాఫ్టు, క్రాసు (షాఫ్టు కొసల్లోని కీలు), క్రౌను పీనియను (షాఫ్టు తిప్పుడును వెనక చక్రాల వైపు మళ్లించే పళ్లచక్రాల జత): అనుమానం దేనిమీదో దాని పేరు చెబితే సరి.

‘వింత’ దగ్గర జారారు. రెండు తలల దూడ వింత. మీరు విన్నది ‘ఇదివరకు లేని చప్పుడు’.

ఇక మెకానిక్ అడిగిన ‘ఏ మాదిరి’. దీనికి జవాబు మీ నోట్లోనే ఉంది. ‘ఠక్కుమంది’ అంటే ఒకే దెబ్బ. ‘టకటకలాడుతోంది’ అంటే దెబ్బ మీద దెబ్బ. ‘గుయ్యిమంటోంది’ అంటే తెగకుండా సాగేది. ఒకదానిలో క్కు దగ్గర మాట తెగింది, ఒకదానిలో జంట పడింది, ఒకదానిలో య్యి ఎంతసేపైనా సాగుతుంది. మాట కూర్పులోనే చప్పుడు తీరు ఉంది. మెకానిక్‌కి కావలసింది అదే.

క్లచ్చు వదలగానే, లేదా యాక్సిలరేటర్ తీసి మళ్లీ తొక్కగానే ఠక్కుమంటే ఎక్కడో వదులుంది. క్రాసులు అరిగాయో, క్రౌను పీనియను పళ్ల మధ్య ఖాళీ పెరిగిందో, స్పోకు చక్రాల బండైతే చక్రం హబ్బు మీద కూర్చునే పళ్లు అరిగాయో. లాగే బలం దిశ మారినప్పుడు ఆ ఖాళీ ఒక్కసారిగా పూడుతుంది, ఆ దెబ్బే మీకు వినపడేది. టకటక బండి వేగంతో పాటు జోరందుకుంటే చక్రాలతోనో షాఫ్టుతోనో తిరిగేదేదో తగులుతోందని. గుయ్యిమనేది యాక్సిలరేటర్ తొక్కితే ఒక స్వరం, వదిలితే ఇంకో స్వరం పలికితే డిఫరెన్షియల్ (క్రౌను పీనియను ఉండే వెనక ఇరుసు భాగం) వైపు చూస్తాడు. నాలుగో గేరులో పడగానే ఆ మూలుగు పోతే చూపు గేర్‌బాక్సు మీదికి మళ్లుతుంది, ఎందుకంటే మీ కారులో నాలుగో గేరు సూటి గేరు, అంటే ఇంజను తిప్పుడు నేరుగా బయటికి పోతుంది, లేషాఫ్టు (గేర్‌బాక్సు లోపలి పక్క షాఫ్టు) మీద బరువు పడదు.

గరగర చెవికీ చేతికీ ఉమ్మడి మాట. గొంతు గరగర అన్నా, గరుకు అన్నా ఆ రాపిడే. బండి ఆగి న్యూట్రల్‌లో ఉండగా గరగరలాడి, క్లచ్చు తొక్కగానే ఆగిందా, గేర్‌బాక్సు లోపలి బేరింగు. తొక్కినప్పుడే మొదలైందా, క్లచ్చు బేరింగు.

చప్పుడు, రొద కూడా ఒకటి కావు. ఒకటి ఇంకొకదానికి తగిలితే చప్పుడు: తలుపు చప్పుడు, అడుగుల చప్పుడు. విడవకుండా చెవిలో పోరేది రొద: కీచురాళ్ల రొద. క్రౌను రొద పెడుతోందంటే అరిగిందనుకుంటాడు, చప్పుడు చేస్తోందంటే పన్ను విరిగిందేమోనని కంగారుపడతాడు. వెనకటికి నేను స్కూటరు ‘శబ్దం చేస్తోంది’ అని ఊరుకుంటే సైలెన్సరు మార్చి డబ్బు తీసుకున్నారు. పోయింది చక్రం బేరింగు.

ఠ పలకలేక ‘టక్కుమంది’ అన్నా తప్పులేదు. టక్కు అంటే మోసమని కూడా అర్థముంది కానీ, మెకానిక్ దగ్గర ఆ అర్థం తీయకండి. మీరు విన్నది ఆ ఒక్క దెబ్బే అయితే మెసేజ్ ఇలా మార్చండి: ‘క్లచ్చు వదిలిన ప్రతిసారీ వెనక ఒక్కసారి ఠక్కుమంటోంది. ఇదివరకు లేదు.’