గ్విజు యుద్ధంలో కాంగ్ గామ్‌చాన్ నదికి అడ్డుకట్ట వేసి శత్రువుల్ని ముంచేశాడా?

లేదు, 1019లో కొర్యో (అప్పటి కొరియా రాజ్యం) సేనాని కాంగ్ గామ్‌చాన్ గ్విజు దగ్గర, ఉత్తరం నుంచి దండెత్తి వచ్చిన ఖితాన్ జాతి సైన్యాన్ని ఓడించింది బయలు ప్రదేశంలో ముఖాముఖి పోరులో.

నీటి ఎత్తుగడ అదే దండయాత్రలో కొన్ని వారాల ముందు, హుంగ్‌హ్వాజిన్ దగ్గర జరిగింది. ఎద్దుతోళ్లను తాళ్లతో కట్టి వాగుకు అడ్డం పెట్టించాడు. శత్రువు రాగానే నీళ్లు వదిలించాడు, మాటువేసిన 12,000 మంది రౌతులు విరుచుకుపడ్డారు. రెండు ఘటనలనూ కలిపి చెప్పడంవల్లే ఈ అపోహ.

ఆ దెబ్బ తిన్నా ఖితాన్లు ఆగకుండా కొర్యో రాజధాని వైపు వెళ్లారు. దాన్ని పట్టలేక, అలసిపోయి వెనుదిరిగారు. అలా తిరిగి వెళ్తుండగా గ్విజులో జరిగిన పోరు చాలాసేపు తేలలేదు. కొర్యోకు అదనపు దళం రావడం, గాలివాన ఖితాన్లకు ఎదురు తిరగడంతో ఫలితం మారింది. లక్షమందిలో కొన్ని వేలమందే ఇల్లు చేరారు.

ఇంతటి విజయం సాధించిన కాంగ్ పరీక్ష రాసి కొలువులో చేరిన పండితుడు, అప్పటికి డెబ్బై దాటినవాడు.