సివా వ్యాసం తిరగరాసే ముందు

అమ్మాయీ,

సివా ఒయాసిస్సు మీద నువ్వు రాసిన యాత్రావ్యాసం చదివాను. పొద్దున శిథిలాలు, మధ్యాహ్నం ఊట, సాయంత్రం ఉప్పు చెరువు. మూడూ బాగానే ఉన్నాయి గానీ దేనికదే విడిగా పడి ఉంది. మూడింటినీ కలిపేది ఉప్పు. దాన్ని పట్టుకుని మళ్లీ మొదలుపెట్టు.

సివా ఈజిప్టు పడమటి ఎడారిలో, లిబియా సరిహద్దుకు సుమారు 50 కిలోమీటర్ల దూరాన, సముద్రమట్టానికి దాదాపు 18 మీటర్ల దిగువన ఉంది. పల్లం కాబట్టి ఊటనీరు బయటికి పోదు, అక్కడే ఇగిరిపోయి ఉప్పు మిగులుస్తుంది. ఈ ముక్క మొదటి పేరాలోనే పడాలి. లేకపోతే చెరువు దగ్గరికొచ్చాక కథ ఆపి పాఠం చెప్పాల్సొస్తుంది. నీ ప్రతిలో అదే జరిగింది.

సివాలో గుట్ట మీది పాత ఊరు, షాలీ కోటను 'కాలం కాటేసిన మట్టికోట' అన్నావు. ఆ మాట గోల్కొండకైనా అతుకుతుంది. గోడకు జానెడు దూరంలో నిలబడి రాయి. చెరువు ఒడ్డున తవ్విన ఉప్పుగడ్డల్ని బంకమట్టిలో పొదిగి పేర్చిన గోడ అది. దాన్ని కెర్షెఫ్ అంటారు. ఎండకు ఉప్పు గట్టిపడి మట్టిని పట్టి ఉంచుతుంది. వాన దాదాపు ఎరగని చోట కాబట్టి శతాబ్దాలు నిలిచింది. 1926లో మూడు రోజులు వాన పట్టేసరికి ఇళ్లు కరిగి జారిపోయాయి, జనం కిందికి దిగి కొత్త ఇళ్లు కట్టుకున్నారు. రాయలసీమ చౌడుమిద్దెతో పోల్చాలనిపిస్తే పోల్చు, కానీ మిద్దె మీది చౌడుమన్ను తడిసి బిగుసుకుని నీటిని దిగనివ్వదనీ, ఈ ఉప్పుగోడ ఆ తడికే కరుగుతుందనీ చెప్పు. పోలిక ఎక్కడ తెగుతుందో చెప్పకపోతే పాఠకుణ్ణి తప్పుదారి పట్టించినట్టే.

క్రీ.పూ. 331లో అలెగ్జాండర్ సివాలోని అమ్మోను దేవుడి గుడికి వచ్చాడు, సరే. పూజారితో అతని సంభాషణ మాత్రం కొట్టేయి. లోపల ఏం జరిగిందో పాత చరిత్రకారులే తలా ఒక రకంగా చెప్పారు. అదే దేవుడి రెండో గుడి ఉమ్ ఉబైద్‌లో మిగిలిన ఒంటిగోడ చూసి కాలాన్ని తిట్టకు. 19వ శతాబ్ది చివర రాళ్ల కోసం దాన్ని మందుపెట్టి పేల్చారు.

క్లియోపాత్రా ఊటలో ఆ రాణి స్నానం చేసిందనడానికి ఆధారం లేదు, ఆ వాక్యం తీసేయి. అమ్మోనీయుల, అంటే ఆనాటి సివా వాళ్ల, దగ్గరి ఊట మధ్యాహ్నం చల్లగా, అర్ధరాత్రి వేడిగా ఉంటుందని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఇంకో రెండు రోజులు అక్కడే ఉంటానన్నావుగా, కొలిచి చూడు. థర్మామీటరుకు దారం కట్టి, మధ్యాహ్నం ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి, ఒకే లోతులో ముంచి ఐదు నిమిషాలు ఉంచు. పక్కనే నీడలో గాలి వేడి కూడా రాసుకో. భూగర్భజలం వేడి పెద్దగా మారదు, మారేది గాలి. చేతికి తేడా తగిలేది అందుకే.

ఉప్పు తవ్వగా నీళ్లు నిండిన గుంతల్లో దిగితే వెల్లకిలానే పడుకో. బోర్లా తిరిగావంటే కాళ్లు పైకి లేచి మొహం మునుగుతుంది. కళ్లు నులమకు, ఒడ్డున ఒక సీసా మంచినీళ్లు మూత వదులుచేసి పెట్టుకో. పెళుసు అంచులు కోస్తాయి, చెప్పులతోనే దిగు. 'మైమరిచి తేలాను' అనే బదులు, ఎంత నొక్కినా మోకాళ్లు నీళ్లలో నిలవలేదని రాయి.

చెరువులోని ఫత్నాస్ దీవి దగ్గర సూర్యాస్తమయానికి రెండు వాక్యాలు చాలు. అసలు సంగతి నీళ్లలో ఎండి నిలబడ్డ చెట్లది. లెక్కలేకుండా బావులు తవ్వారు, తోటల మురుగునీరు చెరువుల్లో చేరింది, చెరువులు పొంగి ఒడ్డు తోటల్లోకి ఉప్పు ఎక్కింది. మురుగు పోక చౌడెక్కిన పొలం చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

తిరగరాసి పంపు. కొలతలు రాసుకున్న కాగితం కూడా జతచెయ్యి.