1907 నాటి కారు అమెరికా నుంచి తెప్పించుకుంటే ఇక్కడ రిజిస్టర్ అవుతుందా?

ప్రశ్న: మాది హైదరాబాద్. న్యూయార్క్ రాష్ట్రంలో ఒకాయన 1907 నాటి సింగిల్ సిలిండర్ కాడిలాక్ మోడల్ ఎం టూరింగ్ కారు అమ్ముతున్నారు. పూర్తిగా రిస్టోర్ చేయించారట. టైటిల్ కాగితం (ప్రభుత్వం ఇచ్చే యాజమాన్య పత్రం) మాత్రం లేదంటున్నారు. కొనొచ్చా? పెళ్లిళ్లకు, షూటింగులకు అద్దెకిచ్చి ఖర్చు రాబట్టుకోవచ్చా?

జవాబు: ముందు అద్దె సంగతి. కుదరదండీ. 2021లో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో వింటేజ్ వాహనాలకు, అంటే యాభై ఏళ్లు దాటిన పాత బండ్లకు, ప్రత్యేక నిబంధనలు చేర్చారు. వాటి ప్రకారం ఇలాంటి కారు ప్రదర్శనకో, ర్యాలీకో, సాంకేతిక పరిశోధనకో, పెట్రోలుకో, మరమ్మతుకో తప్ప రోడ్డెక్కకూడదు. వ్యాపారానికి అసలే వీల్లేదు. అద్దె డబ్బుల మీద ఆశతో అప్పు చేసి కొనాలనుకుంటే మాత్రం మానుకోండి.

టైటిల్ లేదని టెన్షన్ పడకండి. 1972, అంతకు ముందు మోడళ్లకు న్యూయార్క్‌లో టైటిల్ ఇవ్వరు. పేరు మార్చుకునే వీలున్న రిజిస్ట్రేషన్ కాగితమే యాజమాన్యానికి రుజువు. దాన్ని, అమ్మకపు పత్రాన్ని ఒరిజినల్స్‌గా తీసుకోండి. వాటిలోని నంబరూ కారు మీది నంబరూ ఒక్కటేనని ఫొటోలతో సరిచూసుకోండి. ఇక్కడ రిజిస్ట్రేషన్‌కు ఫారం 20 (దరఖాస్తు), బీమా, బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్ దగ్గరి దిగుమతి పత్రం) కావాలి. ఫీజు 20,000 రూపాయలు, చెల్లుబాటు పదేళ్లు. నంబరులో టీజీ తర్వాత వీఏ వస్తుంది. ఎడమవైపు స్టీరింగ్ ఉన్న బండ్లకు ఆంక్ష పెట్టే మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్ దగ్గర చాలా అమెరికన్ కార్లకు చిక్కొస్తుంది. ఆ రోజుల్లో కాడిలాక్ స్టీరింగ్ కుడివైపే ఉండేది కాబట్టి మీకు ఆ బాధ లేదు.

అసలు జాగ్రత్తంతా ‘రిస్టోర్’ అన్న చోట పడాలి. యాభై ఏళ్లు దాటడంతోనే సరిపోదు, కారు మొదటి రూపంలో ఉండాలి. చాసిస్ (కారు అడుగు చట్రం), బాడీ, ఇంజన్‌లలో మార్పులు చేస్తే వింటేజ్ హోదా దక్కదు. పాత కొలతల ప్రకారం చెక్క, తోలు, రంగు కొత్తగా వేయించడం మార్పు కాదని నా అభిప్రాయం. కానీ కాడిలాక్‌దే మోడల్ కె రనెబౌట్ (ఇద్దరు కూర్చునే చిన్న కారు)లోనూ ఇదే ఇంజన్ ఉంటుంది. దాని చాసిస్ మీద టూరింగ్ (ఎక్కువ మంది కూర్చునే) బాడీ బిగించి ఉంటే అది మార్పు కిందికి వచ్చి కథ మారిపోతుంది. అందుకని పని మొదలుపెట్టక ముందు తీసిన ఫొటోలు, వర్క్‌షాపు బిల్లులు, సీటు కింద సిలిండర్ చుట్టూ ఉండే రాగి జాకెట్ (చల్లబరిచే నీరు ఉండే తొడుగు) ఫొటో అడగండి. ‘మార్పులు చేయలేదు’ అన్న మాట ఒప్పందంలో రాయించుకోండి.

ఇక కస్టమ్స్. ఇంత పాత కార్లకు సెకండ్ హ్యాండ్ కార్ల దిగుమతి ఆంక్షల నుంచి మినహాయింపు ఉంది కానీ, సుంకం నుంచి లేదు. దీన్ని మామూలు కారుగా లెక్కిస్తారా, చారిత్రక సేకరణ వస్తువుగానా అన్నదాన్ని బట్టి సుంకం ఎంతో మారిపోతుంది. కారు లెక్కన వేస్తే సుంకమే కారు ధరను మించిపోతుంది. బంధువులు కొని గిఫ్టుగా పంపితే సుంకం తప్పుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, విలువ కట్టే వసూలు చేస్తారు. కస్టమ్స్ చట్టంలోని 28హెచ్ సెక్షన్ కింద అడ్వాన్స్ రూలింగ్‌కు (సుంకం ఎలా లెక్కిస్తారో ముందే తేల్చి చెప్పే నిర్ణయానికి) ముంబైలోనో ఢిల్లీలోనో ఉన్న అథారిటీకి దరఖాస్తు పెట్టండి. మూడు నెలల్లో తేల్చాలని చట్టం. ఆ రూలింగ్‌కు మీరూ, మీ దరఖాస్తుకు సంబంధించిన కస్టమ్స్ అధికారులూ కట్టుబడాలి. అమ్మే ఆయన అన్నాళ్లు ఆగనంటే, రూలింగ్ ప్రతికూలంగా వస్తే వెనక్కిచ్చే షరతు రాయించుకుని కొద్ది మొత్తం మాత్రమే, అదీ మీ బ్యాంకు ద్వారానే పంపండి.