33 ఏళ్ల పాయింట్ గార్డ్‌ను ఇచ్చేయవచ్చా? మా పటమట జట్టు సంగతి చెబుతాను

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో మీరు అభిమానించే జట్టు పైనా లేదు, అడుగునా లేదు. పదేళ్లుగా నమ్మకంగా ఆడుతున్న పాయింట్ గార్డ్‌కు, అంటే బంతిని ముందుకు నడిపించి ఆటను అల్లేవాడికి, 33 ఏళ్లు వచ్చాయి. ఆటగాళ్ల మార్పిడికి ఉన్న ఫిబ్రవరి గడువులోగా అతన్ని వేరే జట్టుకు ఇచ్చేసి, ఎక్కువ పాయింట్లు కొట్టే 24 ఏళ్ల కుర్రవాణ్ణి తెచ్చుకోవడం మంచిదా కాదా? జట్టు పేరు మీరు చెప్పలేదు కాబట్టి నేనూ ఊహించను. కానీ ఇలాంటి మార్పిడి ఒకటి నా చేతుల మీదుగా జరిగింది, విజయవాడ పటమటలో. అందులో డబ్బు లేదు గానీ తలనొప్పి మాత్రం ఇదే.

పదిహేనేళ్ల కిందటి మాట. మాది సిమెంటు కోర్టు. ఒకవైపు రింగు కాస్త ముందుకు వంగి ఉండేది. మా ఎండలకు పగలు ఆడే ప్రసక్తే లేదు కాబట్టి వేసవి పోటీలన్నీ రాత్రి దీపాల కింద జరిగేవి. బంతిని ముందుకు నడిపించే బాధ్యత ఒక బ్యాంకు ఉద్యోగిది. అందరం అన్నయ్యా అనే పిలిచేవాళ్లం. అప్పటికి ఆయనకు 36 ఏళ్లు. మ్యాచ్‌కు ఆరో ఎనిమిదో పాయింట్లు, అంతకు మించి ఉండవు. చూడటానికి వచ్చినవాళ్లు ఆయన పేరు కూడా అడిగేవారు కాదు. ఆ ఏడాది ఆయనకు గుంటూరు బదిలీ అయింది. సాయంత్రం బ్యాంకు మూశాక రైలెక్కి ప్రాక్టీసుకు వచ్చేవారు. రైలు కృష్ణ వంతెన దాటేసరికి ఏడున్నర అయ్యేది.

సరిగ్గా అప్పుడే గుంటూరులో ఒక జట్టుకు గార్డ్ కరవయ్యాడు. ఉన్నవాడు ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వెళ్లిపోయాడు. వాళ్ల దగ్గర పొడుగువాళ్లు ఇద్దరుండేవారు. అందులో ఒకడి ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు, ఇల్లు మన కృష్ణలంకలోనే. మీ అన్నయ్యను మాకివ్వండి, వీణ్ణి మీరు తీసుకోండి అన్నారు. టీ కొట్టు దగ్గర గంటసేపు వాదించుకున్నాం. మార్చుకుందామని అందరికంటే గట్టిగా అన్నది నేనే. రీబౌండ్లు, అంటే రింగుకు తగిలి తిరిగొచ్చే బంతులు, మనకు రావడం లేదు, అన్నయ్య కాళ్లు నెమ్మదించాయి, లెక్క తేలికే కదా అన్నాను. ఆయన పక్కనే కూర్చుని అంతా విన్నారు. “మీ ఇష్టమోయ్, నాకు రైలు టికెట్టు మిగులుతుంది” అని నవ్వారు.

ఆయన లేని మొదటి ప్రాక్టీసు రోజున బంతి మెత్తగా ఉంది. పంపూ సూదీ ఆయన సంచిలో ఉండేవని అప్పుడు తెలిసింది. ఆరేళ్లుగా బంతిలోకి గాలి దానంతట అదే వస్తోందనుకున్నాం కాబోలు.

పంపు మర్నాడే కొన్నాం. పొడుగు కుర్రాడు నిజంగానే బాగా ఆడాడు. బోర్డు దగ్గర బంతులన్నీ వాడివే, జనం ఈలలే ఈలలు. సెమీఫైనల్లో చివరి క్వార్టర్ మొదలయ్యేసరికి తొమ్మిది పాయింట్లు ముందున్నాం. అవతలివాళ్లు కోర్టు పొడవునా ప్రెస్ మొదలుపెట్టారు, అంటే మా సగంలోనే వెంటపడి అడ్డుకోవడం. ఎనిమిది సెకన్లలో బంతి సగం గీత దాటాలి కదా, రెండుసార్లు దాటించలేక పోగొట్టుకున్నాం. మూడోసారి దాటించింది నేను. ఆ కంగారులో నేనిచ్చిన పాసు నేరుగా స్కోరు రాసేవాళ్ల బల్ల మీదికి వెళ్లింది. రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. అన్నయ్య ఉంటే ఏం చేసేవారో మాలో ప్రతి ఒక్కరికీ తెలుసు. కోర్టు మధ్యలోకి వచ్చి, వెంటపడినవాడికి వీపు తిప్పి బంతి అందుకుని, ఖాళీగా ఉన్నవాడి వైపు నింపాదిగా వేసేవారు. అలాంటి పాసు రాసుకోవడానికి స్కోరు పుస్తకంలో గడి ఉండదు.

ఇక్కడితో ఆపేస్తే కథ మీ గార్డ్‌కే అనుకూలంగా ఉంటుంది. కానీ ఆ కథలో ఇంకో కుర్రాడున్నాడు. వాడికి 19 ఏళ్లు, చేతిలో మంచి ఆట ఉంది, అన్నయ్య వెనకాల మూడేళ్లుగా బెంచీ మీదే ఉన్నాడు. అవసరం పడలేదు కాబట్టి బంతి వాడికి ఇవ్వలేదు. అన్నయ్య వెళ్లాక వేరే దారి లేక ఇచ్చాం. ఆ వేసవంతా పారేశాడు, తిట్లు తిన్నాడు. మరుసటి ఏడాది మా జట్టును నడిపింది వాడే. అన్నయ్య ఉండి ఉంటే ఈ కుర్రాడు ఇంకో రెండేళ్లు మాకు నీళ్ల సీసాలు అందించి, విసుగెత్తి క్రికెట్‌కు వెళ్లిపోయేవాడని నా అనుమానం. గుంటూరు వాళ్లకు మాత్రం ఏదీ కలిసిరాలేదు. ఆయన చెబితే వినేవాళ్లు అక్కడ లేరు, మొదటి రౌండులోనే ఇంటికి వెళ్లారు.

అందుకే ఎవరైనా ఇలా అడిగినప్పుడు నేను వయసూ పాయింట్లూ తర్వాత చూస్తాను. అతను చేసే పని మర్నాడు ఎవరి నెత్తిన పడుతుంది, పడితే వాళ్లు మోయగలరా అన్నది ముందు అడుగుతాను.

ఎన్‌బీఏ జట్టు మిల్వాకీని చూడండి. 2021 ఫైనల్స్ ఐదో మ్యాచ్ ఆఖరి క్షణాల్లో ఫీనిక్స్ ఆటగాడు బుకర్ చేతిలోంచి బంతి లాక్కుని, తమ జట్టు స్టార్ యానిస్‌కు గాల్లోకి అందించింది మిల్వాకీ గార్డ్ జ్రూ హాలిడే. ఆ ఏడాది కప్పు మిల్వాకీకి వచ్చింది. 2023 సెప్టెంబరులో అదే హాలిడేను ఇచ్చి పోర్ట్‌లాండ్ గార్డ్ డేమియన్ లిలార్డ్‌ను తెచ్చుకున్నారు. ఇద్దరికీ 33 ఏళ్లే, కాబట్టి వయసు వల్ల చేసిన మార్పిడి కాదది. పాయింట్ల కోసం చేశారు. లిలార్డ్ పాయింట్లు కొట్టాడు కూడా. కానీ అవతలి జట్టు గార్డ్‌ను అడ్డుకునే పని ఎవరి మీదా పడలేదు, గాలికి పోయింది. 2024లోనూ 2025లోనూ ప్లేఆఫ్స్, అంటే కప్పు తేల్చే పోటీల, మొదటి రౌండులోనే ఓడారు. గాయాలు కూడా వాళ్లను దెబ్బతీశాయి, అది ఒప్పుకోవాలి. 2024లో మొదటి రౌండుకు యానిస్ దూరమయ్యాడు. 2025లో లిలార్డ్‌కు మడమ వెనక స్నాయువు తెగింది.

హాలిడే పోర్ట్‌లాండ్ మీదుగా నాలుగైదు రోజుల్లో బోస్టన్ చేరాడు. 2024 కప్పు బోస్టన్‌ది. ఈ బోస్టన్ వాళ్లు పాతవాళ్లను సాగనంపడంలో ఆరితేరినవాళ్లు. హాలిడే రాకముందే, 2023 జూన్‌లో, తొమ్మిది సీజన్లు ప్రాణం పెట్టి ఆడిన మార్కస్ స్మార్ట్‌ను ఇచ్చేసి పొడుగు ఆటగాడు పోర్జింగిస్‌ను తెచ్చారు. 2022లో ఉత్తమ డిఫెండర్ అవార్డు గెలిచినవాడు స్మార్ట్. నాకు ఒళ్లు మండింది. తీరా చూస్తే అతని పని చేయడానికి డెరిక్ వైట్ ఏడాది ముందు నుంచే సిద్ధంగా ఉన్నాడు. మా 19 ఏళ్ల కుర్రాడి లాంటివాడన్నమాట, కాకపోతే వాళ్లు ముందే ఆడించి చూసుకున్నారు. ఇంకా వెనక్కి వెళితే 2013లో పాల్ పియర్స్‌నూ కెవిన్ గార్నెట్‌నూ బ్రూక్లిన్‌కు పంపారు. పియర్స్‌కు 35, గార్నెట్‌కు 37. ఆ ఇద్దరితో ఇంకో కప్పు రాదని తెలిసే పంపారు. బదులుగా వచ్చిన డ్రాఫ్ట్ హక్కుల (లీగ్‌లోకి వచ్చే కొత్త కుర్రాళ్లను ఎంచుకునే హక్కుల) దారిలోనే 2024 కప్పు జట్టు స్టార్లు జేలెన్ బ్రౌన్, జేసన్ టేటమ్ వచ్చారు.

మీరు చెప్పిన మార్పిడికి సరిగ్గా తిరగేసిన ఉదాహరణ మినెసోటా. 2023 ఫిబ్రవరిలో ఎక్కువ పాయింట్లు కొట్టే 26 ఏళ్ల డాంజెలో రస్సెల్‌ను వదులుకుని, 35 ఏళ్ల మైక్ కాన్లీని తీసుకున్నారు. మరుసటి ఏడాది, 20 ఏళ్ల తర్వాత మొదటిసారి పశ్చిమ విభాగం ఫైనల్ ఆడారు. వాళ్ల కుర్ర స్టార్ ఆంథనీ ఎడ్వర్డ్స్ ఎదిగిన కాలం కూడా అదే. కానీ అతని చేతికి బంతిని వేళకు అందించింది కాన్లీయే.

జీతాల సంగతి ఒక్క ముక్క. లీగ్ పెట్టిన జీతాల పరిమితి దాటిన జట్లు ట్రేడ్ (ఆటగాళ్ల మార్పిడి) చేయాలంటే రెండువైపులా జీతాలు దాదాపు సరితూగాలి. కాబట్టి మీ గార్డ్‌కు ఇచ్చేది పెద్ద జీతమై, ఒప్పందం ఈ ఏడాదితో ముగిసేదైతే, అతని ఆటకే కాదు, తీసుకున్నవాళ్లకు వచ్చే ఏడాది ఆ భారం ఉండదు కాబట్టి ఆ ఒప్పందానికీ గిరాకీ ఉంటుంది. వేసవి దాకా ఆగితే ఒప్పందం ముగిసి అతను వెళ్లిపోయి, మీరు ఉత్తి చేతులతో మిగలవచ్చు కూడా. ఈ భయం నిజమైనదే, కాదనను.

ఇక మీ జట్టు గురించి. మధ్యలో ఉన్న జట్టు, రావాల్సింది పాయింట్లు కొట్టేవాడు, బంతి నడిపేవాడి ఊసు మీ ప్రశ్నలో లేదు. ఇదొక్కటి చాలు, నేనైతే ఆ 24 ఏళ్ల స్కోరర్ కోసం ఇవ్వను. టీ కొట్టు దగ్గర నేను చేసిన వాదన అచ్చం ఇదే కాబట్టి అంత గట్టిగా చెబుతున్నాను. బెంచీ మీద నిజంగా ఎదుగుతున్న గార్డ్ ఉండి, బదులుగా డ్రాఫ్ట్ హక్కులు వస్తుంటే మాత్రం ఇచ్చేస్తాను, అభిమానులు ఎంత ఏడ్చినా సరే.

మీరు ఒక పని చేయండి. తెల్లవారుజామున లేచి మ్యాచ్‌లు ఎలాగూ చూస్తున్నారు. వచ్చే పది మ్యాచ్‌ల్లో మీ గార్డ్ బెంచీ మీద కూర్చున్న నిమిషాలు మాత్రమే శ్రద్ధగా చూడండి. ఆ సమయంలో బంతి ఎవరి చేతిలో ఉంటోంది, ఎన్నిసార్లు పోతోంది, అవతలివాళ్లు ప్రెస్ వేస్తే ఎవరు ముందుకు వస్తున్నారు, ఎవరు మొహం చాటేస్తున్నారు, ఓ కాగితం మీద రాసుకోండి. ఆ కాగితంతో పాటు జట్టు పేరు కూడా ఇక్కడ పెడితే, అప్పుడు ఇంకోసారి మాట్లాడుకుందాం.